ట్రైలర్ బండిలో నీళ్ల తిప్పలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా ఇంటి ముందు, ప్రయాణాల్లో ఇల్లులా వాడుకునే ట్రైలర్ బండి నిలబెట్టినప్పటి నుంచి దారిన పోయేవాళ్లు ఆగి లోపల చూపించమంటారు. మడత మంచాలు, చిన్న పొయ్యి చూసి మురిసిపోతారు. సొంతంగా ఇలాంటి బండి కట్టించుకున్నవాళ్లు మాత్రం ఫోన్ చేసి ఎక్కువగా అడిగేది నీళ్ల గురించే. లక్నవరం చెరువు దగ్గర బండి ఆపి, పిల్లల మొహం కడుగుదామని నల్లా తిప్పితే గాలి తప్ప ఏమీ రాకపోతే ఇంటిల్లిపాది ఎట్లా డీలాపడతారో నేను చూశాను. అలా నన్ను అడిగినవాటికి తెలిసినంతవరకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ముందుగా నీళ్లు నడిచే దారి చెప్తాను, అది తెలిస్తే సగం పని అయినట్టే. బండి అడుగున ట్యాంకు ఉంటుంది, మాది 100 లీటర్లది. ట్యాంకు నుంచి ఒక మెత్తటి పైపు, దాని చివర చిన్న జాలి గిన్నె, ఆ తర్వాత 12 వోల్టుల డయాఫ్రం పంపు (లోపల డయాఫ్రం అనే రబ్బరు పొర ఊగి నీళ్లు లాగి తోసేది). పంపు దాటాక పైపులు చీలి నల్లాలకు, గీజరుకు, షవరుకు, టాయిలెట్‌కు పోతాయి. బయటి గోడకు రెండు మూతులుంటాయి. ఒకటి ట్యాంకు నింపుకోవడానికి, రెండోది బయటి నల్లా పైపును నేరుగా తగిలించడానికి. నల్లా విప్పితే పైపులో ఒత్తిడి పడిపోతుంది, పంపు దానంతటదే మొదలవుతుంది. నల్లా కడితే ఒత్తిడి పెరిగి దానంతటదే ఆగుతుంది.

ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్నది పీల్చే వైపు, పంపు నుంచి నల్లా దాకా ఉన్నది తోసే వైపు. పీల్చే వైపు ఎక్కడైనా సందు పడితే నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది, తడి కూడా కనపడదు. తోసే వైపు సందు పడితే నీళ్లు కారి తడి కనపడుతుంది. అందుకే స్పానరు పట్టేముందు ఒక నిమిషం పంపు చప్పుడు వినమంటాను. ఏ వైపు తప్పుందో ఆ చప్పుడే చెప్తుంది.

అన్నా, పంపు గుర్రుమని తిరుగుతూనే ఉంది, నల్లాలో మాత్రం చుక్క రావడం లేదు. పంపు పోయినట్టేనా?

చాలాసార్లు పోదు. ఆగకుండా, తేలికగా, పలుచగా తిరుగుతున్న చప్పుడు వస్తుంటే పంపు నీళ్లకు బదులు గాలి పీలుస్తోందని అర్థం. తప్పు పీల్చే వైపుంది.

మొదట ట్యాంకులో నిజంగా నీళ్లున్నాయా చూడండి. నీళ్లెంతున్నాయో చూపే మీటరు లైట్లను నమ్మకండి, ఎందుకో తర్వాత చెప్తాను. మూత తీసి టార్చ్ వేసి చూడండి, లేదా ట్యాంకు కింద నీళ్లు వదిలే కాలువ నల్లా ఒకసారి విప్పి చూడండి. ట్యాంకులో అడుగునే నీళ్లుండి బండి వాలుగా నిలబడితే, నీళ్లన్నీ ఒక మూలకు చేరి పైపు మూతి తేలిపోతుంది. చెరువుగట్ల దగ్గర, పొలం దారుల్లో ఆపినప్పుడు ఇది మామూలే. బండిని సమంగా నిలబెడితే చాలు.

నీళ్లుంటే జాలి గిన్నె విప్పండి. కొత్త ట్యాంకయితే డ్రిల్లు చేసినప్పుడు రాలిన ప్లాస్టిక్ పొట్టు, పాతదయితే నాచు, సున్నపు పెళ్లలు అందులో ఇరుక్కుంటాయి. కడిగి పెట్టేటప్పుడు రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందా చూసుకోండి. జాలి కడిగాకే కొత్తగా తిప్పలు మొదలయ్యాయని చెప్పేవాళ్లలో చాలామందికి తప్పు ఆ రింగులోనే దొరికింది. అది పక్కకు జరిగితే, వెంట్రుకంత సందు చాలు, గాలి పడుతుంది. రింగుకు తాగునీటికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు కొద్దిగా రాసి, గిన్నెను చేత్తోనే బిగించండి.

ఇంకా రాకపోతే బకెట్ పరీక్ష చేయండి. పంపు పీల్చే మూతికి ఒక మూరెడు పైపు తగిలించి, దాని రెండో కొన బకెట్ నీళ్లలో ముంచి నల్లా విప్పండి. నీళ్లొస్తే పంపు బాగున్నట్టే, తప్పు ట్యాంకుకూ పంపుకూ నడుమ ఉంది. అక్కడి క్లిప్పులు బిగించండి, పైపు వంపు తిరిగిన చోట మడత పడిందేమో చూడండి. బకెట్ నుంచి కూడా రాకపోతే పంపు లోపలి వాల్వులు ఎండి అతుక్కున్నాయి, లేదా డయాఫ్రం చినిగింది. నెలల తరబడి వాడని బండ్లలో వాల్వులు అతుక్కుంటాయి. పీల్చే మూతిలో కొన్ని నీళ్లు పోసి, పది నిమిషాలు నాననిచ్చి మళ్లీ వేస్తే కొన్ని లేచి కూర్చుంటాయి.

మన దగ్గర రైతులు పొలం మోటరుకు గాలి పడితే నీళ్లు పోసి ఎత్తిస్తారు. ఆ అలవాటుతో ఈ పంపుకూ ప్రతిసారీ నీళ్లు పోయాలనుకుంటారు. డయాఫ్రం పంపు ట్యాంకు దాని కన్నా కొంచెం కిందున్నా తనంతట తానే నీళ్లు లాగుకుంటుంది. ప్రతిసారీ పోయాల్సి వస్తోందంటే పీల్చే వైపు గాలి సందు ఉన్నట్టే, దాన్ని వెతకాలి.

విదేశీ నమూనా చూసి కట్టిన బండ్లలో ఇంకొకటుంది. చలిదేశాల్లో పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా మందు పట్టించడానికి పంపు ముందు మూడు దారుల వాల్వు పెడతారు. దాని పిడి మందు వైపు తిరిగి ఉంటే పంపు బయటి గాలినే లాగుతుంది. ఆదిలాబాద్ చలిలో కూడా మన పైపులు గడ్డకట్టవు కాబట్టి ఆ వాల్వు మనకు అక్కరలేదు. పిడిని ట్యాంకు వైపు తిప్పి, కదలకుండా టేపు చుట్టేయండి.

పంపు అసలు చప్పుడే చేయడం లేదు.

ఇది కరెంటు వ్యవహారం. స్విచ్చు, ఫ్యూజు, బ్యాటరీ, ఎర్త్ వైరు, ఈ వరుసలో చూడండి. ఫ్యూజు పోయి ఉంటే అంతే ఆంపియర్లది వేయండి. మళ్లీ పోతే పెద్దది వేయొద్దు. పంపు బిగుసుకుందో, వైరు ఎక్కడో రాసుకుపోయిందో వెతకాలి, లేకపోతే వైరు కాలుతుంది.

నిండిన బ్యాటరీ నిలకడగా ఉన్నప్పుడు 12.6 వోల్టుల పైన చూపిస్తుంది. పంపు వేయగానే 11 కిందికి పడిపోతుంటే బ్యాటరీ నీరసించింది, లేదా ఏదో జాయింటు తుప్పు పట్టింది. పంపు దగ్గర కూడా వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 12.6 ఉండి పంపు దగ్గర 10 ఉంటే తప్పు వైరుది. ములుగు దాటి లోపలి దారుల్లో తిరిగొచ్చాక ఎర్త్ వైరు స్క్రూ వదులవడం మా బండిలో రెండుసార్లు జరిగింది.

పంపు దగ్గరికి కరెంటు సరిగ్గా వస్తున్నా కదలకపోతే, తల మీదున్న ఒత్తిడి స్విచ్చు పోయి ఉండొచ్చు. ఆ స్విచ్చు రెండు వైర్లను ఒక్క క్షణం కలిపి చూడండి. పంపు తిరిగితే స్విచ్చు మాత్రం మారిస్తే సరి. అలా కలిపే ఉంచి మాత్రం వాడొద్దు, ఆపేవాడు ఉండడు కాబట్టి పైపు పగులుతుంది.

నల్లాలన్నీ కట్టి పడుకుంటే అర్ధరాత్రి పంపు దానంతటదే ఒక్కసారి గుర్రుమని ఆగుతోంది. పిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు.

పైపులో ఒత్తిడి ఎటో జారిపోతోంది. జారే దారులు రెండే. ఒకటి బయటికి, రెండోది వెనక్కి ట్యాంకులోకి.

బయటికి కారుతోందా అన్నది ముందు చూడండి. జాయింట్ల కింద, సింకు వెనక, పంపు కింద పాత పేపర్ ముక్కలు పరిచి రాత్రంతా వదిలేయండి. చుక్క పడ్డా పొద్దున మరక కనపడుతుంది. టాయిలెట్ గిన్నెలో నీళ్లు నిదానంగా పెరుగుతున్నాయా, గీజరు సేఫ్టీ వాల్వు చుక్కలు కారుస్తోందా, బండి కింద కాలువ నల్లాలు బిగుతుగా ఉన్నాయా అన్నవి కూడా చూడాలి. సేఫ్టీ వాల్వు కారుతోందని దానికి బిరడా కొట్టొద్దు. గీజరు పేలకుండా కాపాడేది అదే.

ఎక్కడా తడి లేకపోతే పంపులోని ఎన్నార్వీని అనుమానించండి. నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వు అది. దానిలో చిన్న ఇసుక రేణువు ఇరుక్కున్నా నీళ్లు మెల్లగా ట్యాంకులోకి జారతాయి. పంపు తోసే మూతిని ఒక బిరడాతో మూసి పంపు వేయండి. ఒత్తిడికి ఆగి, కొద్దిసేపటికి మళ్లీ కదిలితే తప్పు అందులోనే ఉంది. నల్లాలన్నీ పూర్తిగా విప్పి రెండు నిమిషాలు నీళ్లు జోరుగా పోనిస్తే రేణువు కొట్టుకుపోవచ్చు. పోకపోతే పంపు తల విప్పి కడగాలి, లేదా మార్చాలి.

ఇదే వాల్వు పాడైనప్పుడు ఇంకో వింత జరుగుతుంది. బయటి నల్లా పైపు నేరుగా తగిలించి ఉంటే, ఆ నీళ్లు పంపులోంచి వెనక్కి నడిచి ట్యాంకు నిండి పొర్లుతుంది. బండి కింద నీళ్లు కారుతుంటే ట్యాంకు పగిలిందని భయపడతారు. ముందు ఈ వాల్వు చూడండి.

ఏమైనా పడుకునేముందు పంపు స్విచ్చు ఆపేయడం అలవాటు చేసుకోండి. నిద్రలో పైపు ఊడితే పంపు 100 లీటర్లూ బండి నేల మీదికి తోడేస్తుంది.

నల్లా సన్నగా విప్పితే పంపు టక్ టక్‌మని ఆగి ఆగి నడుస్తోంది.

తప్పు కాదు. సన్నటి ధారకు పంపు చప్పున ఒత్తిడి పెంచేసి ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. పంపు తర్వాత గాలి బుడ్డి (ఒత్తిడిని పట్టి ఉంచే చిన్న డబ్బా) ఒకటి బిగిస్తే తగ్గుతుంది, పంపుకూ ఆయుష్షు పెరుగుతుంది.

మా ఇంటి మిద్దె మీద ట్యాంకు నుంచి నేరుగా బండికి పైపు తగిలిస్తే షవరు రావడం లేదు. బండిలో పంపుతో అయితే బాగా వస్తోంది. ఎందుకు?

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. బయటి నల్లాకు నేరుగా తగిలించే ఆ మూతి అమెరికా లాంటి చోట్ల పుట్టింది. అక్కడ క్యాంపుల్లో నల్లా నీళ్లే 40 నుంచి 60 పీఎస్‌ఐ ఒత్తిడితో వస్తాయి (చదరపు అంగుళం మీద పడే ఒత్తిడిని పౌండ్లలో చెప్పే కొలత ఇది). మనకు నీళ్లు వచ్చేది మిద్దె మీది ట్యాంకు నుంచి. నీళ్లు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే వచ్చే ఒత్తిడి 14 పీఎస్‌ఐ. ఒక అంతస్తు ఇంటి మీది ట్యాంకు మీ బండి నల్లా కన్నా 4 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, వచ్చేది 6 పీఎస్‌ఐ కూడా కాదు. బండిలోని సన్నటి పైపులు, వంపులు, ఫిల్టరు దాటేసరికి అందులో ఏమీ మిగలదు. గీజరులోకి పూర్తిగా ఎక్కను కూడా ఎక్కదు. అలా సగం ఖాళీగా ఉన్న గీజరు వేస్తే కాయిల్ కాలిపోతుంది.

నేను చెప్పేది ఒక్కటే. మన దగ్గర ఆ రెండో మూతిని మరిచిపోండి. ఇంటి నల్లాతో ట్యాంకు నింపుకోండి, లోపల పంపుతోనే వాడుకోండి. ట్యాంకు నిండడానికి ఒత్తిడి అక్కర్లేదు, మిద్దె మీది నీళ్లు చాలు. పంపు రోజూ కదులుతుంది కాబట్టి వాల్వులు అతుక్కోవు. ట్యాంకులో నీళ్లు కూడా మురగవు.

ఫాంహౌస్‌లో బోరు మోటరు ఉంది. దానికే పైపు తగిలిస్తే జోరుగా వస్తాయి కదా?

వస్తాయి, బండినే ముంచేస్తాయి. దయచేసి ఈ పని చేయొద్దు.

మా బండికే జరిగింది. జనగామ వైపు ఒక తోటలో రాత్రి దిగాం. తోట చూసుకునే పెద్దాయన మంచి మనసుతో బోరు పైపు తెచ్చి నేరుగా మూతికి తగిలించాడు. లోపల నల్లాలన్నీ కట్టి ఉన్నాయి. స్విచ్చు వేసిన నిమిషంలోపే సింకు వెనక జాయింటు ఊడింది. మోటరు ఆపి వచ్చేసరికి నేల ప్లైవుడ్ మీద బెత్తెడు నీళ్లు. ఎంత ఆరబెట్టినా ఆ ప్లై ఉబ్బి పొరలు లేచింది. నేల సగం మార్పించాల్సి వచ్చింది. ఆ పెద్దాయన తప్పేమీ లేదు, ఆయనకు పొలం పైపులే తెలుసు. చెప్పాల్సింది నేను.

కారణం ఇది. బోరు మోటరు లోతు నుంచి నీళ్లు ఎత్తడానికి చేసింది. 100 మీటర్లు ఎత్తగల మోటరుకు, వానాకాలంలో బోరు నీళ్లు పైకే ఉన్నప్పుడు మూతపడ్డ పైపు అంటిస్తే అది 100 పీఎస్‌ఐ దాటి తోస్తుంది. బండి జాయింట్లు అంత ఒత్తిడికి చేసినవి కావు. బోరు నుంచి పట్టుకోవాలంటే నీళ్లు ముందు సంపులోకో డ్రమ్ములోకో పోనివ్వండి, అక్కడి నుంచి చిన్న మోటరుతో ట్యాంకు నింపండి. డ్రమ్ములో కాసేపు ఆగితే ఇసుక కూడా అడుగుకు దిగుతుంది.

తప్పనిసరిగా నేరుగా తగిలించాల్సి వస్తే, పైపుకు మొదట్లోనే 40 నుంచి 50 పీఎస్‌ఐకి కట్టడి చేసే ఒత్తిడి రెగ్యులేటరు ఉండాలి. బండి దగ్గర కాదు, నల్లా దగ్గర పెట్టాలి. అప్పుడు పైపుకు కూడా రక్షణ ఉంటుంది.

ట్యాంకు నింపుతుంటే నీళ్లు లోపలికి పోకుండా మొహం మీదికి చిమ్ముతున్నాయి.

ట్యాంకులోని గాలి బయటికి పోయే దారి మూసుకుంది. ట్యాంకు పై నుంచి ఒక సన్న పైపు బయటి గోడ దాకా వస్తుంది, గాలి అందులోంచే పోవాలి. మన దగ్గర దాన్ని మూసేది ఎక్కువగా కుమ్మరి పురుగు. ఆ పైపు మూతి దానికి ఇల్లు కట్టుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. రెండు వారాలు బండి నిలబెడితే మట్టి పెట్టి మూసేస్తుంది. సన్న తీగతో పొడిచి మట్టిని బయటికే లాగండి, లోపలికి తోయొద్దు. తర్వాత మూతికి సన్నటి స్టీలు జాలి బిగించండి.

ఆ జాలి ఇంకో పనికీ కావాలి. జాలి లేని గాలి గొట్టంలోంచి దోమలు ట్యాంకులోకి దిగి గుడ్లు పెడతాయి. డెంగ్యూ దోమ పెరిగేది ఇలా నిలవ ఉన్న మంచినీళ్లలోనే. వానాకాలంలో ఎక్కడికీ పోకుండా నిలబెట్టిన బండి మీ ఇంటి పిల్లలకే ప్రమాదం కావొద్దు.

గాలి దారి బాగున్నా చిమ్ముతుంటే, నింపే పైపు నడుమ కుంగి అక్కడ నీళ్లు నిలిచాయేమో చూడండి. పైపు మూతి నుంచి ట్యాంకు దాకా ఏకవాలుగా ఉండాలి.

నీళ్లు వాసన వస్తున్నాయి. ట్యాంకు కడగడం ఎట్లా?

ముందు ఏ నీళ్లు వాసన వస్తున్నాయో తేల్చుకోండి. వేడి నీళ్లు మాత్రమే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే తప్పు గీజరులో ఉంది. గీజరు తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ పెడతారు. సల్ఫేట్ ఉన్న బోరు నీళ్లు, ఒక రకం బ్యాక్టీరియా, ఆ కడ్డీ మూడూ కలిస్తే ఆ వాసన పుడుతుంది. కరెంటు ఆపి, చల్లారనిచ్చి, గీజరు ఖాళీ చేసి కడగాలి. చల్ల నీళ్లు కూడా వాసన వస్తుంటే ట్యాంకు, పైపులు మొత్తం శుద్ధి చేయాలి.

దానికి వాడేది క్లోరిన్. లీటరు నీటికి 50 మిల్లీగ్రాముల క్లోరిన్ పడాలి. 100 లీటర్ల ట్యాంకుకు లెక్క ఇలా వస్తుంది. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 4 శాతం అని ఉంటే 125 మిల్లీలీటర్లు, 5 శాతం అని ఉంటే 100 మిల్లీలీటర్లు. సువాసన కలిపినది, సబ్బు కలిపినది వద్దు. ఇంట్లో ఉండే బ్లీచింగ్ పౌడర్ కూడా వాడొచ్చు. కొత్తదయితే అందులో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది కాబట్టి 15 గ్రాములు సరిపోతుంది, మూత తీసి పెట్టిన పాత పౌడర్‌లో అంత ఉండదు. పౌడర్‌ను నేరుగా ట్యాంకులో వేయొద్దు. అందులో సున్నం ఉంటుంది, అది పోయి జాలిని, పంపు వాల్వులను పట్టేస్తుంది. ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, అరగంట కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు మాత్రమే వంచుకోండి.

మొదట ఫిల్టరు క్యాండిళ్లు తీసేయండి. ట్యాంకులో సగం నీళ్లు పట్టి క్లోరిన్ కలిపి మిగతాది నింపండి. తర్వాత ఒక్కొక్క నల్లా విప్పి, క్లోరిన్ వాసన వచ్చేదాకా పోనిచ్చి కట్టేయండి. షవరు, టాయిలెట్ మరవొద్దు. నాలుగు గంటలు అలాగే ఉంచండి. వీలుంటే ఆ సమయంలో ఊరి చుట్టూ ఒక చక్కర్ కొట్టండి, నీళ్లు ఊగి ట్యాంకు పై గోడలకు కూడా తగులుతాయి. తర్వాత మొత్తం వదిలేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. ఆ నీళ్లు చేపలున్న చెరువు పక్కన, మొక్కల మొదట్లో వదలొద్దు.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను. క్లోరిన్‌తో వెనిగర్, నిమ్మ ఉప్పు, బాత్‌రూం కడిగే యాసిడ్ ఏదీ కలపొద్దు. విషవాయువు వస్తుంది. బండి లాంటి ఇరుకు చోట అది ప్రాణం తీయగలదు.

ఒక్క నల్లాలోనే సన్నగా వస్తోంది. మిగతావన్నీ బాగున్నాయి.

ఆ నల్లా మూతికున్న జాలి విప్పి రాత్రంతా వెనిగర్‌లో వేయండి.

వేడి నీళ్ల నల్లాలు ఒక్కటీ రావడం లేదు.

గీజరు బైపాస్ వాల్వులు (నీళ్లను గీజరులోకి పోనివ్వకుండా పక్కదారి పట్టించేవి) చూడండి. ఎవరో శుభ్రం చేసేటప్పుడు తిప్పి వదిలేసి ఉంటారు. చల్ల నల్లాలో గోరువెచ్చగా వస్తుంటే మాత్రం, చేతి షవరు మీట మూసి దాని రెండు నల్లాలు విప్పి వదిలేశారని అర్థం. వేడి, చల్ల అక్కడ కలిసిపోతున్నాయి.

మా వైపు బోరు నీళ్లు గిన్నెలకు తెల్ల పొర కట్టిస్తాయి. బండిలో పోయొచ్చా? టీడీఎస్ పెన్నుతో చూసి తాగొచ్చా?

కడుక్కోవడానికి పోయొచ్చు, కానీ నల్లా జాలీలు, గీజరు కాయిల్ తరచుగా శుభ్రం చేయాల్సి వస్తుంది. దొరికిన చోట మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టుకోండి. నది నీళ్లు శుద్ధి చేసి, క్లోరిన్ వేసి పంపుతారు, బోరంత ఉప్పదనం ఉండదు. వరంగల్ నగరానికి ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నుంచి శుద్ధి అయి వచ్చే నీళ్లూ అంతే. అయితే ఎండాకాలం ట్యాంకు వేడెక్కి నీళ్లలోని ఆ కొద్ది క్లోరిన్ ఒకటి రెండు రోజుల్లో ఎగిరిపోతుంది. శుద్ధి చేసిన నీళ్లే కదా అని వారాలు నిలవ పెట్టొద్దు.

టీడీఎస్ పెన్ను చెప్పేది నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం ఎంతని మాత్రమే. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు ఉండాలి, వేరే నీళ్లు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. కానీ పెన్ను మీద 200 చూపించిన నీళ్లలో క్రిములుండొచ్చు, ఫ్లోరైడ్ ఉండొచ్చు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, 1.5 ఆఖరి హద్దు. దాన్ని పెన్ను పట్టదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. తెలంగాణలో ఫ్లోరైడ్‌తో వంగిపోయిన నడుములు చూసినవాళ్లం కాబట్టి తెలియని ఊరి బోరు నీళ్లు పిల్లలకు తాగించొద్దు. మేం తాగడానికి, వంటకు 20 లీటర్ల క్యాన్లు విడిగా పెట్టుకుంటాం. ట్యాంకు నీళ్లు మిగతా పనులకే.

ఎండాకాలం మధ్యాహ్నం పంపు నీళ్లు లాగడం లేదు, పొద్దున మాత్రం బాగా వస్తోంది. ఇదేం విడ్డూరం?

రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. బండి అడుగున, ఇనుప చట్రం పక్కన ఇంకా వేడి. పీల్చే వైపు సాదా ప్లాస్టిక్ పైపు వేసి ఉంటే ఆ వేడికి మెత్తబడి, పంపు లాగగానే చప్పిడి అయిపోతుంది. చల్లబడ్డాక మళ్లీ గుండ్రంగా లేస్తుంది. అందుకే పొద్దున బాగుంటుంది. లోపల తీగ చుట్ట ఉన్న పైపు, అది కూడా తాగునీటికి పనికొచ్చేది వేయించండి. పారదర్శకంగా ఉన్నది ఎండ తగిలే చోట వద్దు, వెలుతురుకు నాచు పడుతుంది. ట్యాంకు తెల్లటిదయి ఎండ పడుతుంటే కూడా అంతే, నల్ల షీటు కప్పండి.

మేడారం జాతరకు బండి తీసుకుపోతున్నాం. నలుగురం. 100 లీటర్లు ఎన్నాళ్లొస్తాయి?

జాగ్రత్తగా వాడితే రోజున్నర. సగం బకెట్ స్నానం మనిషికి 8 లీటర్లనుకుంటే నలుగురికి 32. గిన్నెలు, కూరగాయలకు 15. చేతులు, టాయిలెట్‌కు 20. మొత్తం రోజుకు 70 లీటర్ల దాకా పోతాయి. అమ్మవార్లకు సమర్పించే బెల్లాన్ని మేడారంలో బంగారం అంటారు కదా, ఆ బంగారం అంటుకున్న చేతులు కడగడానికే ఇంకో బకెట్ లెక్క పెట్టుకోండి. షవరు మాత్రం వద్దు. ఈ పంపులు నిమిషానికి 10 లీటర్ల దాకా తోస్తాయి, ఒక్కరు పది నిమిషాలు నిలబడితే ట్యాంకు ఖాళీ. బకెట్, చెంబు మన పాత పద్ధతే ఇక్కడ మేలు.

నీళ్లు ములుగులోనో తాడ్వాయిలోనో క్లోరిన్ వేసిన నల్లా దగ్గర పట్టుకోండి. జంపన్న వాగులో స్నానం భక్తి, ఆ నీళ్లు ట్యాంకులోకి ఎత్తడం వేరు. లక్షల మంది మునిగిన నీళ్లతో ఇంటి గిన్నెలు కడగొద్దు. దారి దుమ్ముకు నింపే మూత సందుల్లో మట్టి చేరుతుంది, మూత తీసేముందు తడిగుడ్డతో తుడవండి. జాతర నుంచి రాగానే జాలి గిన్నె కడగండి.

100 లీటర్లంటే 100 కిలోల బరువని మరవకండి. ట్యాంకు ఇరుసుకు వెనక ఉన్న బండ్లలో అది నిండితే ముందు కొక్కెం మీద బరువు తగ్గి, 163వ నంబర్ జాతీయ రహదారి మీద వేగం పెంచగానే బండి తోక ఊపుతుంది. అలాంటి బండి అయితే తక్కువ నీళ్లతో బయల్దేరి, దగ్గరికి పోయాక నింపుకోండి.

మీటరు ఎప్పుడూ ముప్పావు నిండినట్టే చూపిస్తోంది.

నీళ్లెంతున్నాయో పసిగట్టడానికి ట్యాంకు గోడకు పెట్టిన మేకుల మీద సున్నపు పొర కట్టింది. దాని మీదుగా కరెంటు పారి నీళ్లున్నట్టు చూపిస్తుంది. ఎంత కడిగినా మళ్లీ కడుతుంది. నేను మీటరు వదిలేసి, మేస్త్రీలు లెవెల్ చూసే పైపు లాంటిది ట్యాంకు పక్కన నిలువుగా బిగించాను. లోపలెంత ఉంటే పైపులో అంత కనపడుతుంది. నాచు పట్టకుండా దానికి నల్లగుడ్డ తొడుగు వేసి, చూసేటప్పుడు తీస్తాం.

తిరిగొచ్చాక నెల రోజులు బండి వాడం. నీళ్లు అలాగే ఉంచొచ్చా?

ఉంచొద్దు. కాలువ నల్లాలన్నీ విప్పండి, ట్యాంకు ఖాళీ అయ్యాక పంపును అర నిమిషం తిప్పి పైపులో మిగిలింది వదిలించండి. నల్లాలు తెరిచి ఒక పూట ఆరనిచ్చి కట్టేయండి. కరెంటు ఆపి, చల్లారాక గీజరు కూడా ఖాళీ చేయండి.

దారిలో పంపు పూర్తిగా పోయింది. ఇలాంటి పంపు మన జిల్లాల్లో ఎక్కడ దొరుకుతుంది?

బోరు మెకానిక్ దగ్గర దొరకదు. పురుగుమందుల దుకాణానికి పోండి. రైతులు వీపున వేసుకునే బ్యాటరీ స్ప్రేయర్లలో ఉండేది కూడా 12 వోల్టుల డయాఫ్రం పంపే. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, నర్సంపేట, పరకాల, భూపాలపల్లి, ఏ మండల కేంద్రంలోనయినా విడిగా అమ్ముతారు. ధార తక్కువగా వస్తుంది, మూతులు కూడా సన్నవి, రెండు చిన్న పైపు ముక్కలు, క్లిప్పులు పెట్టి కలపాలి. కొన్నిటి ఒత్తిడి బండి పంపు కన్నా ఎక్కువ, అందుకే నల్లా విప్పాకే స్విచ్చు వేసి, స్విచ్చు ఆపాకే నల్లా కట్టండి. అది తాగునీటి కోసం చేసింది కాదు కాబట్టి కడుక్కోవడానికే వాడి, ఇంటికి చేరగానే మార్చేయండి.

సీలు తీయని కొత్త పంపే కొనండి. ఎవరో మంచితనంతో పొలంలో వాడిన స్ప్రేయర్ పంపు విప్పి ఇస్తామంటే, దండం పెట్టి వద్దనండి. మందు తాకిన పంపును ఎన్నిసార్లు కడిగినా మన ట్యాంకుకు తగిలించొద్దు.